బుగులు సారూ, బోరింగు నీళ్లూ

మా బడిలో మొదటిసారి పదో తరగతి రాసిన పిల్లలు ఈ మధ్య బడిలోనే కలుసుకున్నారు. పిల్లలంటున్నాను గానీ, ఇప్పుడు వాళ్లకే పిల్లలున్నారు. గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నా ఫొటో ఒక్కటే ఉంది. కింద ‘మన బడిని హైస్కూలు చేసిన సారుకు స్వాగతం’ అని రాయించారు. ఆటో దిగి అది చూడగానే నాకు లోపలికి పోబుద్ధి కాలేదు.

“గిదేందిరా, నేనొక్కన్నే చేసిన్నా? నా ముందటి సారేడి?” అని ఎదురొచ్చిన వాణ్ని అడిగాను. వాడిప్పుడు పటాన్‌చెరు దగ్గర ఏదో కంపెనీలో బాయిలర్ ఆపరేటరు.

“ఎవరు సార్? బుగులు సారా?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఒకడు రెండు చేతులూ బార్లా చాపి, లారీకి అడ్డం పోయినట్టు నిలబడ్డాడు. ఇంకొకడు ముక్కుకు రుమాలు పెట్టుకుని, “ఎందుకైనా మంచిదండీ” అన్నాడు. మళ్లీ నవ్వులు. నేనూ నవ్వాను. అలవాటు.

“ఆయన లేడు సార్ ఇప్పుడు. మొన్న ఎండాకాలంల పోయిండంట. సంగారెడ్డిల ఎవరో చెప్పిండ్రు,” అన్నాడు బాయిలర్ ఆపరేటరు, ముఖంలో నవ్వు ఇంకా పోకముందే.

ఆ రోజు శాలువా కప్పించుకున్నాను. దండ వేయించుకున్నాను. మైకు ముందు నాలుగు మాటలు మాట్లాడాను. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. ఇంటికొచ్చాక నిద్ర పట్టక కాదు, సిగ్గు పట్టి ఇది రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఊళ్లో ఎవరూ ఆయన్ని ఆ పేరుతో పిలవలేదు.

ఆయన మాకు హెడ్మాస్టరుగా వచ్చేనాటికి బడి ఏడో తరగతి దాకే ఉండేది. ఎనభైల చివరి మాట. ఊరి చుట్టూ కంపెనీలు లేస్తున్నాయి. జొన్న చేలు పడావు పడి బీళ్లవుతున్నాయి. మొగవాళ్లు షిఫ్టులకు పోవడం నేర్చుకుంటున్నారు. నేను ఆ ఊరివాణ్నే. ఆ బడిలోనే చదివి ఆ బడిలోనే టీచరునయ్యాను. ఊరి చివర మాదిగవాడ మాది. మా వాడ నుంచి సర్కారు నౌకరీ చేసిన మొదటివాణ్ని నేను. ఆ సంగతి నాకెప్పుడూ గుర్తుండేది. ఎదుటివాళ్లకు గుర్తుందో లేదో కూడా కనిపెడుతూ ఉండేవాణ్ని.

ఆయనది పెద్ద కులం. ఊరు కోస్తా వైపు. తండ్రికి ఇక్కడ సర్కారు ఫ్యాక్టరీలో పని దొరికితే చిన్నప్పుడే ఇటు వచ్చారట. ఇక్కడే చదువుకున్నా ఆయన మాటలోంచి ‘అండీ’ పోలేదు. అటెండరును కూడా ‘అండీ’ అనేవాడు, ఒకటో తరగతి పిల్లల్ని కూడా. సన్నగా, పొడుగ్గా, చేతిలోంచి ఏదో జారిపడబోతున్నట్టు కాస్త ముందుకు వంగి నడిచేవాడు. కుర్చీలో కూర్చోబోయే ముందు దాన్ని ఊపి చూసేవాడు. తరగతిలోకి రాగానే ముందు చూసేది పిల్లల్ని కాదు, కప్పును. పెచ్చు ఊడేలా కనబడితే దాని కింద కూర్చున్నవాళ్లను లేపి పక్కకు జరిపేవాడు. “ఎందుకైనా మంచిదండీ.” ఆ మూల ఏడాదంతా ఖాళీగా ఉండేది. పెచ్చు ఊడిందీ లేదు.

మందుల కంపెనీ వైపు నుంచి గాలి మళ్లితే కుళ్లిన గుడ్ల వాసన వచ్చేది. మేం అలవాటు పడ్డాం. ఆయన మాత్రం పాఠం మధ్యలో ఆపి, రుమాలు ముక్కుకు పెట్టుకుని, అటువైపు కిటికీలన్నీ మూయించేవాడు. కాసేపటికి పిల్లలకు ఊపిరాడదేమోనని మళ్లీ తెరిపించేవాడు. తెరిస్తే వాసన. మళ్లీ మూయించేవాడు. పిల్లలకు అదొక ఆట. సాయంత్రం బడి వదలగానే రోడ్డు మీదికి పోయి రెండు చేతులూ చాచి నిలబడేవాడు. కంపెనీల ట్యాంకర్లు హారన్ కొడుతుంటే, డ్రైవర్లకు దండం పెడుతూ, “ఒక్క నిమిషమండీ, పిల్లలండీ” అనేవాడు. ఒకసారి హిందీ డ్రైవరొకడు కిందికి దిగి తిట్టాడు. ఆయన ఆ తిట్లన్నీ వింటూనే నిలబడ్డాడు. చివరి పిల్ల దాటాకే చేతులు దించాడు.

బుగులు సారని, అంటే భయం సారని, పేరు పెట్టింది మా పెద్దమ్మ. మా నాయన అన్న పెండ్లాం. నన్ను సగం పెంచింది ఆమే. “గీన గాలికి బుగులే, నీడకు బుగులే. గీన పెండ్లాం ఎట్ల ఏగుతుందో పాపం,” అనేది. మరునాటికల్లా ఊరంతా అదే పేరు. స్టాఫ్ రూములో ఆయన నడకను అందరికంటే బాగా నడిచి చూపించేది నేనే.

అంత బుగులున్న మనిషి ఒక్క పని వదల్లేదు. మా దగ్గర ఏడు అయిపోతే పక్క ఊరి హైస్కూలుకు పోవాలి, లారీల రోడ్డు దాటి. మగపిల్లలు పోయేవాళ్లు. ఆడపిల్లల్ని మానిపించేవాళ్లు. ఆయన ఒక్కో పిల్ల పేరు పెట్టి నన్నడిగేవాడు. “ఆ చివరి బెంచీ అమ్మాయి, లెక్కలు బాగా చేసేది, ఏం చేస్తోందండీ ఇప్పుడు?”

“కంపెనీల సీసాలు కడుగుతుంది సార్.”

ఆయన టిఫిన్ డబ్బా మూత పెట్టేసేవాడు.

బడిని హైస్కూలు చేయించాలని సంగారెడ్డి ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆ కవరు సంచిలో పెట్టి, సంచి పట్టీ చేతికి మెలేసుకుని బస్సెక్కేవాడు. తిరిగొచ్చాక ముఖం పీక్కుపోయి ఉండేది. “గుమాస్తా గారు నవ్వారండీ. నవ్వారంటే పని అవుతుందనా, కాదనా?” అని నన్నడిగేవాడు. చివరికి ఎనిమిదో తరగతి ఇస్తామన్నారు. కాని గదులు ఊరే చూసుకోవాలన్నారు.

సర్పంచు మందుల కంపెనీతో మాట్లాడి వచ్చాడు. “రెండు రూములు కట్టిస్తమన్నరు సార్. ఊరు జెర నిమ్మళంగుండాలె, గంతే,” అన్నాడు. దాని అర్థం మాకందరికీ తెలుసు. అప్పటికే వాగు నీళ్లు రంగు మారాయని, బర్రెలు మూతి పెట్టడం లేదని రైతులు గొణుగుతున్నారు. ఆ గొణుగుడు కంపెనీ చెవిన పడకూడదు.

బడికీ మా వాడకూ మధ్యన బోరింగు ఉండేది. చేత్తో కొట్టే పంపు. మా చిన్నప్పుడు మా ఆడవాళ్లు ఊరిబావి దగ్గర బిందెలు పెట్టుకుని, ఎవరైనా దయతలచి పోస్తారేమోనని గడ్డ మీద దూరంగా నిలబడేవాళ్లు. తెలంగాణ ఎండల్లో ఆ నిలబడడం ఎట్లా ఉంటుందో నిలబడ్డవాళ్లకే తెలుసు. మా వాడ పెద్దలు ఎన్నో అర్జీలు పెట్టుకుంటే ఆ బోరింగు పడింది. నీళ్లు పడ్డ రోజు మా పెద్దమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మొదటి బిందె తన నెత్తి మీదే కుమ్మరించుకుంది. బడిపిల్లలు కూడా, ఊరివాళ్లూ వాడవాళ్లూ అని లేకుండా, దోసిళ్లు పట్టి ఆ నీళ్లే తాగేవాళ్లు. మాకది నీళ్లకంటే ఎక్కువ.

ఒక మధ్యాహ్నం సారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. కిటికీలో రెండు గాజు సీసాలున్నాయి. “ఇది మా ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లండీ. ఇది బోరింగుది, నిన్న పట్టి పెట్టాను. చూడండి.” బోరింగు సీసా అడుగున పచ్చగా ఏదో పేరుకుంది. పైన నూనె తెట్టులాంటిది. మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు.

“పైపు చిలుం సార్,” అన్నాను.

“చిలుమైతే బాగుండునండీ. వాగు పక్కనే కదా బోరు. కంపెనీ నీళ్లు అందులోకి దిగుతున్నాయి. మీ ఇంట్లో కూడా ఇవేనా తాగేది?”

“బోరింగు పడ్డప్పటి సంది గివే సార్.”

ఆయన కుర్చీని ఊపి చూడకుండానే కూలబడ్డాడు. “ఎవరితోనూ అనకండి, గదులు లేచేదాకా,” అన్నాడు. “కంపెనీ పేరు మన నోటివెంట వస్తే గదులు పోతాయి. గదులు పోతే ఎనిమిదో తరగతి పోతుంది. పిల్లలు మాత్రం ఈ నీళ్లు తాగకూడదు. ఏదో ఒకటి చేస్తాను.”

నేను ఆయన్ని సగమే నమ్మాను. కప్పు కూలుతుందన్నాడు, కూలలేదు. ఇదీ అంతేననుకున్నాను. మిగతా సగం ఇంకోటి. ‘మీ ఇంట్లో కూడా ఇవేనా’ అని ఆయన అడిగిన తీరు నాకు గుచ్చుకుంది. అందులో ఆయన దిగులు తప్ప ఏమీ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు వినబడింది వేరు.

మరునాడు బడి వసారాలో పెద్ద మట్టి రంజన్ వెలిసింది. ఊరిబావి నుంచి నీళ్లు తెచ్చి అందులో పోయాలి, పిల్లలంతా అవే తాగాలి, బోరింగు వైపు పోకూడదు. ఇదీ ఆర్డరు. కారణం చెప్పలేదు. పైగా నీళ్లు తేవడానికి ఊరివైపు పిల్లల్నే పంపాడు.

“మా వాడ పోరగాండ్లు తెస్తే ఏమైతది సార్?” అని అడిగాను.

“బావి దగ్గర ఎవరైనా ఏమైనా అంటేనో? చిన్న పిల్లలు, బాధపడతారు. ఎందుకైనా మంచిదండీ.”

చూడండి, ఆయన భయం ఎంత మెత్తగా వచ్చి ఎక్కడ కాలు పెట్టిందో. ఇన్నేళ్ల తరువాత ఆయన్ని పూర్తిగా వెనకేసుకు రావడం నాకిష్టం లేదు. ఊరి కట్టుబాటును ఎదిరించడం కంటే, దానికి తగిలిపోకుండా పక్కనుంచి నడవడమే ఆయనకు తేలిక. కాని ఆ మాట ఆయన ముఖాన అనే ధైర్యం నాకు లేదు. ఇంటికి పోయి పెద్దమ్మకు చెప్పాను. రంజన్ సంగతి చెప్పాను. ఎవరెవర్ని బావికి పంపాడో చెప్పాను. ఆయన సొంతానికి ఇంటి నుంచి సీసాలో నీళ్లు తెచ్చుకుంటాడని చెప్పాను. కిటికీలోని రెండో సీసా సంగతి చెప్పలేదు. ఎవరితోనూ అనవద్దన్నాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పెద్దమ్మ నమిలే ఆకు ఉమ్మేసింది. “మా చేతులు తాకిన బోరింగు అంటైందా వానికి? కానీ. అడుగుత.”

అడిగింది. ఎప్పుడడగకూడదో అప్పుడే అడిగింది.

గదులు కట్టే జాగా చూడటానికి కంపెనీ ఆఫీసరు వచ్చిన రోజది. సర్పంచు కుర్చీలేయించాడు. నేల మీద సున్నంతో గదుల గీతలు గీసి ఉన్నాయి. సారు ఆ గీతల చుట్టూ తిరుగుతూ, ఎవరి కాలు తగిలి చెరిగిపోతాయోనని పిల్లల్ని అదిలిస్తున్నాడు. ఆఫీసరు కూల్‌డ్రింకు సగం తాగి పక్కన పెట్టాడు. అప్పుడు మా వాడ ఆడవాళ్లు వచ్చారు, పెద్దమ్మ ముందు.

“సారూ, ఒక్క ముచ్చట అడగాలె.”

“అడగండమ్మా.”

“మా బోరింగు నీళ్లు పిల్లలు తాగొద్దన్నవంట. ఎందుకు సారూ? మేం ముట్టుకున్నమనా?”

“అయ్యో, అది కాదమ్మా...”

“మరేంది? చెప్పు. పది మందున్నరు. చెప్పరాదు?”

సారు ఆఫీసరు వైపు చూశాడు. సున్నం గీతల వైపు చూశాడు. ఆ చలిపొద్దులో ఆయన నుదుట చెమట పట్టడం నేను చూశాను.

“సారు గసుంటోడు కాదవ్వా, నువ్వు జెర ఊకో,” అన్నాడు సర్పంచు.

“ఊకోను పటేలా. ఒక్క గిలాస తాగమను. నా కండ్ల ముంగట తాగితె నేనే కాళ్లు మొక్కుత.” ఆమె నా వైపు తిరిగింది. “కొడుకా, పో. పట్టుకరాపో.”

నేను పోయాను. బోరింగు కొట్టాను. స్టీలు గ్లాసు కడిగి నింపాను. ఎండలో ఆ నీళ్లు తేటగానే కనబడ్డాయి. తెచ్చి ఆయన చేతికిచ్చాను. ఆయన నా కళ్లలోకి చూశాడు. ఒక్క మాట చాలు. ‘ఆగు పెద్దమ్మా, సంగతి అది కాదు’ అంటే చాలు. నేను అనలేదు. మా అన్న ఆ కంపెనీలోనే కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాడు, ఆఫీసరు ఎదురుగా కూర్చున్నాడు. చెప్పుకోవడానికి ఆ కారణం బాగానే ఉంటుంది. అసలు సంగతి వేరే. ఆయన ఆ నీళ్లు తాగుతుంటే చూడాలని నాకుండింది. మా అమ్మ బావిగడ్డ మీద నిలబడ్డ ఎండంతా ఆ ఒక్క మనిషి గొంతులోంచి దిగాలని ఉండింది.

ఆయన తాగాడు. ఒక్క గుక్క తాగి ఆపుతాడనుకున్నాను. గొంతు ముడి పైకీ కిందికీ కదులుతుంటే గ్లాసు అడుగుదాకా తాగాడు. రుమాలుతో మూతి తుడుచుకుని, “బాగున్నాయండీ,” అన్నాడు.

ఆఫీసరు నవ్వాడు. “చూసిండ్రా! కొందరు కావాల్నని మా మీద ప్రచారం చేస్తరు. హెడ్మాస్టరు గారే తాగిండ్రు. ఫస్ట్ క్లాస్ నీళ్లు.”

పెద్దమ్మ అన్నమాట ప్రకారం కాళ్లు మొక్కడానికి వంగింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. ఆ జరగడాన్ని కూడా కొందరు ఇంకోలా చెప్పుకున్నారు.

మరునాటికి రంజన్ బోర్లించి ఉంది. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు బోరింగు చుట్టూ మూగారు. ఆయన ఆఫీసు కిటికీలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన పిల్లల్ని పేరుపేరునా పిలిచి కడుపునొప్పి ఉందా, వాంతులయ్యాయా అని అడగడం మొదలైంది. పిల్లలకు అదీ ఒక ఆటే అయింది. “సార్, నా కడుపుల రైలు ఉరుకుతుంది సార్,” అని ఒకడనేవాడు. ఆయన నిజంగానే వాడి కడుపు మీద చెవి పెట్టబోయేవాడు.

గదులు లేచాయి. ఎనిమిదో తరగతి వచ్చింది. ఆ చివరి బెంచీ పిల్ల చెల్లెలు ఎనిమిదిలో కూర్చుంది. హైస్కూలంటే హెడ్మాస్టరు పోస్టు పెద్దది, ఆయన గ్రేడు దానికి సరిపోదు కనుక బదిలీ అయింది. తను తెచ్చిన తరగతికి ఒక్క ఏడాది పాఠం చెప్పే భాగ్యం కూడా ఆయనకు దక్కలేదు. వెళ్లేరోజు బస్సు దగ్గరికి నేనొక్కణ్నే పోయాను. ఎక్కబోతూ ఆగి నా చెయ్యి పట్టుకున్నాడు.

“మీ మాట వింటారండీ వాళ్లు. నా మాట వినరు. నేను వాళ్ల ముందే తాగి బాగున్నాయన్నాను కదా. గదులు వచ్చేశాయి. ఇక చెప్పేయండి.”

“చెప్త సార్.”

“తప్పకుండా?”

“తప్పకుండ చెప్త.”

చెప్పలేదు. కొత్త హెడ్మాస్టరును వెయ్యలేదు, నన్నే ఇన్‌చార్జి చేశారు. ఎనిమిది వచ్చింది కదా, తొమ్మిదికి ఇంకో గది కావాలి. కంపెనీనే అడగాలి. అది వచ్చాక చెబుదామనుకున్నాను. పదికి ఇంకో గది. అదీ వచ్చాక. తరువాత ప్రహరీ గోడ. కంపెనీ ఇస్తూనే ఉంది, నేను తీసుకుంటూనే ఉన్నాను. ఇంకో భయం కూడా పట్టుకుంది. నీళ్లు మంచివి కావని ఇప్పుడంటే, మరి ఆ రోజు గ్లాసు నింపి ఇచ్చింది నువ్వే కదా అని అడుగుతారు. ఏడాదికేడాది ఆ ప్రశ్న బరువెక్కుతూ పోయింది. పిల్లలకు ఒంటి మీద దురదలు వచ్చేవి, కడుపు నొప్పులు వచ్చేవి. అవి నీళ్ల వల్లనేనా అంటే నాకు తెలియదు. తెలుసుకోలేదు. సాయంత్రాలు పిల్లలు రోడ్డు దాటుతుంటే నా గుండె కొట్టుకునేది. గాలి మళ్లితే కొట్టుకునేది. ఆయన్ని నడిచి చూపించి నవ్వించిన నేను, ఎవరూ చూడనప్పుడు కుర్చీ ఊపి చూసుకోవడం మొదలుపెట్టాను.

చాలా ఏళ్లకు, కొత్త శతాబ్దం వచ్చాక, ఆఫీసు పని మీద సంగారెడ్డి పోయి బస్టాండులో నిలబడి ఉంటే ఆయన కనబడ్డాడు. రిటైరై అక్కడే ఇల్లు తీసుకున్నాడట. ఇంకా వంగిపోయాడు. బస్సులు రివర్సు తీసుకునే చోటికి దూరంగా, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి, “ఇటు రండి, ఇటు. అక్కడ నిలబడకండి,” అని గోడ పక్కకు లాగాడు.

పదో తరగతి పాసైన పిల్లల గురించి చెప్పాను. ఆడపిల్లలు ఎందరు చదువుతున్నారో చెప్పాను. తల ఊపుతూ విన్నాడు. కాని ఆయన కళ్లు నా మాటల మీద లేవు. నేను ఊపిరి తీసుకోగానే అడిగాడు.

“ఆ బోరింగు?”

ఆయన ముఖం చూశాను. ఇన్నేళ్లూ ఆయన ఆ ఒక్క గ్లాసు తాగుతూనే ఉన్నాడనిపించింది.

“బందు పెట్టినం సార్. ఎప్పుడో.”

“చెప్పారా? మీ వాళ్లకు చెప్పారా?”

“చెప్పిన సార్.”

“కోప్పడ్డారా?”

“లేదు సార్. సమజ్ చేసుకున్నరు.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. గోడకు ఆనిన వీపు కాస్త జారింది. పడిపోతున్నాడేమోనని పట్టుకోబోయాను. పడిపోవడం కాదది. ఆ మనిషి ఒళ్లు వదులు కావడం నేనంతకు ముందెప్పుడూ చూడలేదు. “మీకు పుణ్యముంటుందండీ,” అన్నాడు. అంతలో ఆయన బస్సు వచ్చింది. మళ్లీ ఆయన్ని చూడలేదు.

పటాన్‌చెరు దాకా బస్సులో నాకు సీటు దొరికినా కూర్చోలేకపోయాను. మరునాడు పొద్దున్నే మెకానిక్‌ను పిలిపించి మధ్యాహ్నానికల్లా బోరింగు హ్యాండిల్ ఊడదీయించాను. వాడలో అప్పటికి నల్లాలు వచ్చాయి గానీ నీళ్లు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. వాడకూ బడికీ ఇంకా ఆ బోరింగే దిక్కు. మెకానిక్ హ్యాండిల్ భుజానేసుకుని పోతుండగా పెద్దమ్మ బిందె పట్టుకుని వచ్చింది. ముసలిదైపోయింది, నడుం వంగింది. మొండి బోరింగును చూసి ఆగిపోయింది.

“ఏందిరా గిది? ఎవలు తీపిచ్చిండ్రు?”

“నేనే పెద్దమ్మా. నీళ్లు మంచియి కావు. కంపెనీ నీళ్లు కలిసినయి.”

“గిప్పుడెర్కైందా నీకు?”

“గప్పుడే ఎర్క. గా సారు సీసల పట్టి నాకు సూపిచ్చిండు. అందుకే రంజన్ పెట్టిండు. రూములు పోతయని ఎవరికి చెప్పొద్దన్నడు.”

ఆమె బిందె కింద పెట్టింది. “నువ్వు గిలాస ఇచ్చిననాటికే ఎర్కనా?”

“ఎర్క.”

“ఆయనకు?”

“ఆయనకూ ఎర్కనే.”

పెద్దమ్మ బోరింగు గద్దె మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నేల చూస్తూ, తనలో తానన్నట్టు, “గంత బుగులోడు... ఎట్ల తాగెరా?” అంది.

అప్పుడే బడిలో మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు ఎప్పట్లాగే బోరింగు వైపు ఉరుకుతూ వస్తున్నారు. హ్యాండిల్ తీయించాలని తప్ప, వీళ్లేం తాగుతారన్నది నేను ఆలోచించనే లేదు. ముందొచ్చిన పిల్ల దోసిలి పట్టి ఆగి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

పెద్దమ్మ లేచి ఖాళీ బిందె నా చేతుల్లో పెట్టింది. “ఊళ్లెకు పోయి మంచినీళ్లు పట్టుకరా. ఎవడన్న అడ్డమొస్తే నా పేరు చెప్పు. పో, జల్దీ. పోరగాండ్లకు నేను చెప్త.”

“ఏం చెప్తవ్ పెద్దమ్మా?”

“నువ్వు చెప్పనిది.”

బిందె భుజానికెత్తుకుని ఊరివైపు నడిచాను.